పట్టాలో ‘జాతి’ అన్నచోట ఏం రాసుందో చూశారా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది పార్వతీపురం దగ్గర పల్లె. ఇరవై ఆరేళ్లుగా రాయగడలో టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. ఊళ్లో పొలం అమ్మితే నా వాటాకి 28 లక్షలు వచ్చాయి. ఏం చేయాలా అని రెండు నెలలుగా ఒకటే టెన్షన్. టౌనుకి ఆనుకుని పది డిసిమిళ్ల (సెంట్ల) స్థలం 20 లక్షలకి బేరానికి వచ్చింది. రైల్వే డివిజన్ వస్తోంది కాబట్టి రెండేళ్లలో రెట్టింపు అవుతుందంటున్నారు. ఇప్పుడే రిజిస్ట్రేషన్ అవదట. అగ్రిమెంటు, జీపీఏ (అమ్మేవాడు తన తరఫున వ్యవహరించే అధికారం మనకిచ్చే పత్రం) రాయించుకుంటే చాలన్నారు. బ్రోకరు మన తెలుగువాడే, మా బావమరిదికి బాగా తెలిసినవాడు. టోకెన్‌గా 50 వేలు చేతికిచ్చాను. రెండో ఆలోచన, మేముంటున్న రేకుల ఇల్లు. ఆ మూడు డిసిమిళ్ల జాగా మా మామగారు కొనిచ్చినది, పట్టా మా ఆవిడ పేరునే ఉంది. అది పడగొట్టి కింద మాకు, పైన అద్దెకి రెండు పోర్షన్లు వేద్దామని. కాంట్రాక్టరు మా ఊరివాడే, వరసకి తమ్ముడు. చదరపు అడుగుకి 1,750 చెప్పాడు. నలభై శాతం అడ్వాన్సు అడుగుతున్నాడు. కాగితం రాసుకుందామంటే, ‘మన మధ్య కాగితాలేమిటన్నయ్యా’ అన్నాడు. మా వీధిలో చిన్న పోర్షన్ అయిదున్నర వేలకి పోతోంది. మా ఆవిడ ఇల్లే కట్టమంటోంది. మీరేమంటారు? స్థలం పట్టా జిరాక్సు జతచేశాను. నాకు ఒడియా మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు.
— పేరు వేయవద్దన్న పాఠకుడు, రాయగడ

సమాధానం: మీ ఆవిడ మాట వినండి. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరం చదువుతున్నప్పుడే జీపీఏ అన్నచోట అనుమానం వచ్చింది. జిరాక్సు చూశాక ఆ అనుమానం నిజమేనని తేలింది. పట్టాలో అమ్మేవాడి పేరు, తండ్రి పేరు ఉన్న చోటే ‘జాతి’ అని ఒక మాట ఉంటుంది. మీరు పంపిన కాగితంలో దాని పక్కన ‘కంధ’ అని స్పష్టంగా ఉంది. అంటే కొండజాతి కుటుంబం, షెడ్యూల్డ్ తెగ. మీ రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా. పాత కోరాపుట్ జిల్లాని 1992లో నాలుగు ముక్కలు చేశారు కదా, ఆ నాలుగూ అంతే. ఇక్కడ గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి చేతులు మారడానికి వీల్లేదు. ‘ఇప్పుడే రిజిస్ట్రేషన్ అవదు’ అని మీ బ్రోకరు చెప్పింది అబద్ధం కాదు. ‘ఇప్పుడే’ అన్న మాట ఒక్కటే అబద్ధం.

ఆంధ్రా ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్లకి పోకుండా ఆపే 1/70 చట్టం గురించి మీరు వినే ఉంటారు. ఒడిశాలో దానికి అన్నలాంటిది 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్. మొదట్లో అధికారి అనుమతితో అమ్ముకునే సందు ఒకటి ఉండేది. 2002లో అమల్లోకి వచ్చిన సవరణతో ఆ సందు కూడా మూసేశారు. అనుమతి ఇస్తే అమ్ముకోవచ్చని 2023 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకుంది. గొడవ లేచేసరికి కొద్దిరోజులకే వెనక్కి తగ్గింది. ‘చట్టం మారబోతోంది, అందుకే ముందుగా జీపీఏ’ అని బ్రోకర్లు ఇప్పటికీ తిప్పుతున్న మాట ఆ నాలుగు రోజుల వార్తలోంచి పుట్టిందే.

జీపీఏ సంగతి వేరే. మామూలు భూమి విషయంలోనే, జీపీఏ చేతిలో పెట్టుకుని కొన్నామనుకుంటే హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇక అమ్మకమే చెల్లని భూమికి జీపీఏ రాయించుకుంటే మీ చేతిలో ఉండేది స్టాంపు కాగితం, అంతే. రేపు సబ్ కలెక్టరు విచారణ పెట్టి స్థలం వాళ్లకి తిరిగి ఇప్పిస్తే మీ 20 లక్షలు ఎవర్ని అడుగుతారు? ఆ కుటుంబానికి అందులో ఎంత ముట్టిందో కూడా మీకు తెలియదు. ఇంకో తెలివైన సలహా కూడా వస్తుంది చూడండి, ‘మా దగ్గర పనిచేసే కుర్రాడు ఎస్టీయే, వాడి పేర కొందాం’ అని. దాన్ని బినామీ అంటారు. ఆస్తి జప్తు అవుతుంది, ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఆ దారిలో వద్దు.

రైల్వే డివిజన్ వస్తున్న మాట నిజమే. 2025 జనవరి 6న ప్రధాని శంకుస్థాపన చేశారు. దాని చుట్టుపక్కల ధరలు పెరగవని నేను అనడం లేదు. పెరిగిన ధర మీ జేబులోకి రావాలంటే కాగితం మీ పేర ఉండాలి కదా. మీ పేర లేని స్థలం రెట్టింపు అయితే మీకేం, మూడింతలైతే మీకేం?

మీ జిరాక్సులో ఇంకొకటి. ‘కిసమ్’ (భూమి రకం) అన్నచోట ‘శారద’ అని ఉంది. అంటే వరి పండే పొలం. మీకు ఇంటిస్థలం అని చెప్పారు. ఇంటిస్థలమైతే ‘ఘరబారి’ అని ఉండాలి. ఆ భూమి ఎవరిదైనా సరే, పొలం కిసమ్‌లో ఉంటే తహసీలు ఆఫీసులో ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షను కింద మార్పించి, దానికి కట్టవలసిన ప్రీమియం కట్టాకే ఇల్లు లేవాలి. ఒక్క పేజీలో రెండు తిరకాసులు. మీ బ్రోకరుకి ఒడియా చదవడం రాదనుకోవాలా?

మన సరిహద్దు తెలుగువాళ్ల జబ్బు ఇక్కడే ఉంది, నాతో సహా చెబుతున్నాను. బజారులో ఒడియా గడగడా మాట్లాడతాం. కాగితం చేతికొస్తే తెల్లమొహం వేస్తాం. అందుకని చదివిపెట్టే ‘మనవాడి’ కోసం వెతుకుతాం. దొరికిన మనవాడు ఏది చదివితే అదే పట్టా. నేను బరంపురం వచ్చిన కొత్తలో ఒడియా అక్షరాలన్నీ గుండ్రంగా, గొడుగులు పట్టుకు నిలబడ్డట్టు ఒకేలా కనిపించేవి. మా వీధి చివర ఒడియా మాస్టారు ఒకాయన నెలరోజులు సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పించారు. పేపరు చదివేంత రాలేదు, పట్టా చదివేంత వచ్చింది. ఈ నలభై ఏళ్లలో అంత లాభం తెచ్చిన చదువు నాకింకోటి లేదు.

మీరూ ఒక పదిమాటలు పట్టుకుంటే చాలు. మౌజా అంటే ఊరు. ఖతియాన్ అంటే మన ఖాతా నంబరు. రయత్ (భూమి గలవాడు) దగ్గర పేరు, తండ్రి పేరు, జాతి, నివాసం. ‘స్వత్వ’ అన్నచోట ‘స్థితిబాన్’ అని ఉంటే సొంత హక్కున్న భూమి. కిసమ్ చెప్పాను కదా. ‘రకబా’ అంటే విస్తీర్ణం. చివర ‘మంతవ్య’ అని ఒక గడి ఉంటుంది, అందరూ వదిలేసేది అదే. మ్యూటేషన్ (రికార్డులో పేరు మార్పు) కేసు నంబరు, 8-ఎ మార్పు లాంటివి ఏమైనా ఉంటే అందులో ఉంటాయి. ఖాతా దగ్గర అనాబాది, రఖిత, గోచర, సర్వసాధారణ ఇలాంటి మాట కనిపిస్తే అది సర్కారుది. దేవోత్తర అంటే గుడిది. ఇవన్నీ ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ వెబ్‌సైటులో పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. జిల్లా, తహసీలు, ఊరు ఎంచుకుని ఖాతా నంబరుతోగానీ, ప్లాటు నంబరుతోగానీ, పేరుతోగానీ వెతకొచ్చు. బ్రోకరు ఇచ్చిన జిరాక్సు ఎప్పటిదో మనకి తెలియదు, అందుకని మీరే తీసి చూడండి. మీ పిల్లలు అక్కడి బడిలో చదివితే వాళ్లకి ఒడియా వచ్చే ఉంటుంది. ఇంట్లో చదివేవాళ్లని పెట్టుకుని బయటివాడి చేత చదివించుకోవడం ఎందుకు?

ఎప్పుడైనా నిజంగానే స్థలం కొనాలనిపిస్తే మీ జిల్లాలో గిరిజనేతరుడి దగ్గర కొనుక్కోవడానికి అడ్డు లేదు. 1/70 ఉన్నచోట అదీ కుదరదు, దానికీ దీనికీ తేడా అదే. అయితే వాళ్లకి ఆ భూమి ఎలా వచ్చిందో వెనక్కి వెళ్లి చూడాలి. 1956 తర్వాత ఏ కంధో, ఏ సవరో అమ్మినదైతే అప్పటి అనుమతి కాగితం అడగండి. అది లేకపోతే మీ ముందు ముగ్గురు కొన్నా సరే, లొసుగు లొసుగే. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యూటేషన్ అయి కొత్త పట్టా మీ పేర వచ్చేదాకా పని పూర్తి కానట్టే లెక్క. మీ ఆవిడ పేర కొంటే స్టాంపు డ్యూటీ నాలుగు శాతమే, మీ పేర అయితే అయిదు. రెండు శాతం రిజిస్ట్రేషన్ ఫీజు ఎలాగూ తప్పదు. (బరంపురం వైపు పాఠకులకి ఒక మాట: గంజాంలో ఎక్కువభాగం షెడ్యూల్డ్ ఏరియా కాదు. అయినా ఎస్సీ, ఎస్టీల భూమి బయటివాళ్లు కొనాలంటే రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే.)

కొలతల్లో కూడా మోసపోతుంటారు. ఒడిశా డిసిమిల్ అంటే మన సెంటే, 48.4 గజాలు. గుంఠ దగ్గరే తంటా. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంట అంటే 121 గజాలు. ఒడిశాలో ఎకరానికి 25 గుంఠలే, ఒక్కోటి 193 గజాల పైచిలుకు. హైదరాబాదులో ఉండే అల్లుడు ఫోనులో ‘గుంటకి అంతా!’ అని నోరెళ్లబెడితే కంగారుపడి బేరం వదులుకున్నవాళ్లున్నారు.

ఇక ఇల్లు. పట్టా మీ ఆవిడ పేర ఉంది, మీరు అందులోనే ఉంటున్నారు, కాబట్టి సగం భయం లేదు. కానీ ఆ పట్టాలో కూడా కిసమ్, జాగా చరిత్ర ఒకసారి నేను చెప్పినట్టు చూసుకుని, మునిసిపాలిటీలో ప్లాన్ పాస్ చేయించుకుని మొదలుపెట్టండి.

లెక్క వేద్దాం. మూడు డిసిమిళ్లంటే సుమారు 1,307 చదరపు అడుగులు. చుట్టూ వదలాల్సింది వదిలితే అంతస్తుకి 900 అనుకుందాం. రెండంతస్తులు 1,800. మీ తమ్ముడు చెప్పిన రేటుకి 31 లక్షల 50 వేలు. మీ దగ్గరున్నది 28, అందులో 50 వేలు బ్రోకరు జేబులో ఉన్నాయి. పైగా ఆ రేటులో సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, బోరు, కరెంటు మీటరు ఉన్నాయో లేదో మీరు రాయలేదు, బహుశా అడిగి ఉండరు. పాతిల్లు పడగొట్టాక పది నెలలు మీరు బయట అద్దెకి ఉండాలి, ఆ ఖర్చూ ఉంది. అందుకని నా సలహా ఏమిటంటే, పునాదులు, పిల్లర్లు రెండంతస్తులకీ వేయించండి. రెండు స్లాబులూ పోయండి. కింద మీ ఇల్లు, పైన ఒక పోర్షన్ పూర్తిచేసి అద్దెకివ్వండి. రెండోది గోడల దాకా తెచ్చి ఆపండి. మూడు లక్షలు చేతిలో ఉంచుకోండి, కడుతున్నకొద్దీ అనుకోని ఖర్చులు వస్తాయి. ఆ పోర్షన్ తరవాత చిన్న బ్యాంకు లోనుతో పూర్తిచేసుకోవచ్చు.

లాభం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. రెండు పోర్షన్లకి నెలకి 11 వేలు. ఏడాదిలో ఒక నెల ఖాళీ పోతుందనుకుంటే 1,21,000. రంగులు, రిపేర్లు, హోల్డింగ్ ట్యాక్సు (ఇంటి పన్ను) తీసేస్తే లక్షా పదివేలు మిగిలితే మంచిదే. పై అంతస్తుకి పడేది 15,75,000. అంటే ఏడు శాతం. దీనికోసం గంతులు వేయక్కర్లేదు, బ్యాంకు డిపాజిట్టుకి కాస్త అటూ ఇటూ. కానీ అద్దె పెరుగుతుంది, డిపాజిట్టు పెరగదు. మీ కింద అంతస్తుకి అద్దె కట్టక్కర్లేదు. హోటలు పని ఒంట్లో ఓపికున్నన్నాళ్లే కదా.

మీ తమ్ముడి విషయానికి వద్దాం. నలభై శాతం అంటే 12 లక్షల 60 వేలు, ఒక్క ఇటుక పేర్చకముందే. ఆయన దొంగ అని నేను అనను. చాలామంది కాంట్రాక్టర్లు దొంగలు కారు, ఒక ఇంటి అడ్వాన్సుతో వెనకటి ఇంటి బాకీ తీర్చుకుంటూ బతికేవాళ్లు. మీ డబ్బు మీ పునాదిలోకి వెళ్లదు, గుణుపురంలో ఎవరిదో టైల్స్ పనిలోకి వెళ్తుంది. తరవాత మీ స్లాబుకి ఇంకెవరో అడ్వాన్సు ఇవ్వాలి. ఆ గొలుసు ఎక్కడ తెగితే అక్కడున్నవాడు మునుగుతాడు. పని ఎప్పుడూ డబ్బుకంటే ఒక అడుగు ముందుండాలి. అయిదు శాతం మించి అడ్వాన్సు వద్దు. ప్లింత్ బీము (పునాది మీది బీము) అయ్యాక పదిహేను, కింద స్లాబు పడ్డాక ఇరవై, పై స్లాబుకి ఇంకో ఇరవై, గోడలూ పూతా అయ్యాక ఇరవై, ఫ్లోరింగు, తలుపులు, వైరింగు, పైపులు అయ్యాక పదిహేను. చివరి అయిదు శాతం మీ దగ్గరే ఉంచుకోండి, ఒక వానాకాలం గడిచాక ఇవ్వండి. ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానే. మీరు పైన ఒక పోర్షన్ ఆపుతున్నారు కాబట్టి ఆ మేరకు రేటు ఎంత తగ్గుతుందో ముందే రాసుకోండి. మధ్యలో చెబితే గొడవే.

‘మన మధ్య కాగితాలేమిటన్నయ్యా’ అన్న మాటకి జవాబు, ‘మన మధ్య గొడవ రాకూడదనే తమ్ముడూ’. కాగితంలో మొట్టమొదట రాయాల్సింది చదరపు అడుగు దేన్ని కొలిచి అంటున్నాడో. నేను చూసిన తగాదాల్లో సగం ఇక్కడే పుట్టాయి. మీరు గదుల లెక్క అనుకుంటారు, ఆయన స్లాబు బయటి అంచునుంచి కొలుస్తాడు. బాల్కనీ పూర్తిగానా, సగమా? సజ్జాలు, మెట్ల మీది హెడ్‌రూము లెక్కలోకి వస్తాయా? తొమ్మిది వందల ఇల్లు బిల్లు దగ్గరికి వచ్చేసరికి వెయ్యీ ముప్ఫై అయి కూర్చుంటుంది. తరవాత సిమెంటు ఏ కంపెనీ, స్టీలు ఏ గ్రేడు, ఇటుక ఎర్రదా ఫ్లైయాషా, టైల్సు చదరపు అడుగు ఎంత ధరలోపు, స్విచ్చులు ఏవి, నీళ్లూ కరెంటూ ఎవరివి. పనివాళ్లకి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదో కూడా. ఎన్ని నెలల్లో ఇస్తాడు? మీ మేస్త్రీలు విజయనగరం, శ్రీకాకుళం వాళ్లయితే సంక్రాంతికి పదిరోజులు కనిపించరు. స్థానిక కూలీలైతే జూన్‌లో రజ పండక్కి వెళ్తారు. స్లాబు తేదీ ఆ వారాల్లో పెట్టుకోకండి.

స్లాబు గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, నాకు అక్కడే దెబ్బ తగిలింది. 2009లో బరంపురంలో మా ఇల్లు కట్టాం. స్లాబు రోజు సాయంత్రం నాలుగింటికి మిక్సరు ఆగిపోయింది. ఇంకో మిక్సరు దొరకలేదు. సగం పడిన స్లాబు చూపించి కాంట్రాక్టరు, ‘ఏం ఫర్వాలేదు సార్, పొద్దున్నే కలిపేస్తాం’ అన్నాడు. పొద్దున ఆ అంచుని గీకలేదు, సిమెంటు పాలు పోయలేదు. ఆరిన కాంక్రీటు పక్కన కొత్తది వేసి చదును చేసేశారు. పైన పూత పడ్డాక ఏమీ తెలియలేదు. నాలుగేళ్లు బాగానే ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. కరెంటు లేదు. టార్చి వేసి పైకి చూస్తే హాలు మధ్యలో, ఈ గోడనుంచి ఆ గోడదాకా, స్కేలు పెట్టి గీసినట్టు నీటిబొట్లు. చీమలబారులా ఉన్నాయి. అది సరిగ్గా ఆ సాయంత్రం నాలుగింటికి పని ఆగిన గీత. కాంట్రాక్టరుకి ఫోను చేస్తే స్విచ్చాఫ్.

కాబట్టి స్లాబు ఒక్కరోజులో పడాలి. రెండో మిక్సరు ఎక్కడ దొరుకుతుందో ముందే మాట్లాడి పెట్టుకోండి. వైబ్రేటరుకి అదనపు నీడిల్ ఉంచుకోండి. పొద్దున్నే మొదలుపెట్టండి. ముందురోజు సాయంత్రం మీరే సెంట్రింగ్ మీదకి ఎక్కి చూడండి. రాడ్లని సెంట్రింగ్‌కి ఆనకుండా ఎత్తిపెట్టే కవరు బ్లాకులు వాటి కింద ఉన్నాయా, లేక కంకర ముక్కలు దోపారా? కాంక్రీటులో నీళ్ల దగ్గర మేస్త్రీకీ మీకూ పేచీ వస్తుంది. ‘జారుగా ఉంటేనే సందుల్లోకి దిగుతుంది’ అంటాడు. జారుగా ఉంటే ఆయనకి లాగడం తేలిక, అంతే. 50 కిలోల సిమెంటు బస్తాకి 25 లీటర్ల నీళ్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. బకెట్టుకి ఎన్ని లీటర్లో ముందే కొలిచి, దానిమీద గీత గీసి మిక్సరు దగ్గర కుర్చీ వేసుకు కూర్చోండి. మీ హోటల్లో ఇడ్లీ పిండి జారైతే ఒప్పుకుంటారా?

స్టీలు కూడా తూకంతో చూడండి. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల రాడ్డు 12 మీటర్ల పొడవుంటే పది కిలోల ఆరువందల గ్రాములకి పైన తూగాలి. 8 మిల్లీమీటర్లది నాలుగు కిలోల ఏడువందలు. కొద్దిగా తేడా ఉండొచ్చు. కట్టకి కట్ట తేలిపోతుంటే వెనక్కి పంపండి.

పోసిన తరవాత మడులు కట్టి నీళ్లు నిలపడం పదిరోజులు తప్పనిసరి, ఇప్పుడు ఇళ్లకి వచ్చేది ఎక్కువగా బూడిదలాంటివి కలిసిన సిమెంటే కాబట్టి ఏడు రోజులు చాలవు. నాలుగున్నర మీటర్ల లోపు గదులైతే కనీసం ఏడు రోజుల దాకా, అంతకు మించిన వాటికి పద్నాలుగు రోజుల దాకా స్లాబు కింద సపోర్టులు ముట్టుకోనివ్వకండి. బీముల కింద పద్నాలుగు రోజులు. సెంట్రింగ్ వాడికి ఇంకో ఇంటికి సామాను కావాలి, అయిదోరోజే నిచ్చెన వేస్తాడు.

ఒకవేళ మీ తమ్ముడు మధ్యలో పని ఆపేసి వెళ్లిపోతే? కోపంతో వెంటనే కొత్త మేస్త్రీని దింపకండి, అప్పుడు ఎవరు ఎంత చేశారో తేలదు. ముందు ఒక ఇంజినీరుని పిలిచి జరిగినంత పని కొలిపించి, ఫోటోలు తీసి, రిజిస్టరు పోస్టులో నోటీసు పంపండి. ఇల్లు కట్టి ఇవ్వడం కూడా వినియోగదారుల చట్టంలో సేవ కిందికే వస్తుంది. 50 లక్షలలోపు వ్యవహారం కాబట్టి జిల్లా కమిషన్ చాలు, ఫీజు వెయ్యి రూపాయలు దాటదు. రెండేళ్లలోపు వేయాలి. అక్కడ మీ వరస చెల్లదు. అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంటు చెల్లుతాయి.

చివరగా ఆ టోకెన్. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన అడ్వాన్సు నగదుగా తీసుకోకూడదు. తీసుకున్నవాడికి అంత మొత్తమూ పెనాల్టీ పడే వీలుంది. ఈ సంగతి బ్రోకరుకి తెలుసు. కేకలు వేయకుండా, మీ బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని, జిరాక్సులో ‘జాతి’ అన్న చోట వేలు పెట్టి ‘ఇదేమిటో చదివి చెప్పు బాబూ’ అనండి. నాలుగు వాయిదాల్లోనైనా తిరిగి రావచ్చు. ఫోన్‌పే చేయమనండి, నగదు వద్దు. బేరం నిలబెట్టుకోవడానికి ఇంకో లక్ష వేయమంటే మాత్రం లేచి వచ్చేయండి.

మీ తమ్ముడితో అగ్రిమెంటు రాసుకునేముందు డ్రాఫ్టు నాకు పంపండి. ఒడియాలో ఉన్నా ఫర్వాలేదు, చదువుతాను.